ఎఱ్ఱ ఉల్లి పైపొర

ఎఱ్ఱ ఉల్లిపాయను కోయుటకు ముందు మనము దాని పైనున్న ఎండుపొరను ఒలిచి పాఱవేయుదుము. తినుటకు పనికిరాదు గనుక దానికి విలువ లేదని మన తలంపు. కాని ఉల్లికి ఆ పొరయే కోటగోడ. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు తెలిసికొన్న విధము వినదగినది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున ఉల్లి పండించు రైతులను ఒక బూజుతెగులు బాధించుచుండెను. తెల్ల ఉల్లిపాయలపై నల్లని మచ్చలు పడి సరకు చెడిపోవుచుండెను. ఎఱ్ఱని పాయలకును, పసుపువన్నె పాయలకును ఆ తెగులు అంతగా సోకలేదు. అచ్చటి విశ్వవిద్యాలయమున వాకర్, లింక్ అను శాస్త్రజ్ఞులు దీనికి కారణము వెదకిరి. రంగుపొరలను నానబెట్టిన నీటిలో ఆ బూజు బీజములు సరిగా మొలకెత్తజాలకపోయెను. ఆ పొరలనుండి 1929లో ప్రోటోకెటెక్యుయిక్ ఆమ్లమును, 1933లో కెటెకాల్‌ను వేఱుచేసిరి. వారు గమనించిన మఱియొక విశేషము కలదు. ఎండుపొరను తీసివేసినచో ఎఱ్ఱ ఉల్లియు ఆ తెగులునకు లొంగిపోయెను. అనగా కావలివాడు వాకిట నుండెనే గాని ఇంటిలోపల లేడు. పాఠకులు ఈ మాటను గుర్తుంచుకొనవలెను.

ఈ రెండు ద్రవ్యములును ఫినాలిక ద్రవ్యములను పెద్ద కుటుంబమునకు చెందినవి. ఆఱు కర్బన పరమాణువులు వలయముగా కూడి, ఆ వలయమునకు ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంట అంటియుండుట ఈ కుటుంబ లక్షణము. చెట్టు కాలు కదపలేదు. శత్రువు వచ్చినపుడు పాఱిపోలేదు. కావున తనను తాను కాపాడుకొనుటకు ఇట్టి ద్రవ్యములను తయారుచేసికొనును. లవంగములోని యూజినాల్, వాములోని థైమాల్, పసుపులోని కుర్కుమిన్, కరక్కాయలోని టానిన్‌లు ఈ కుటుంబమువే.

ఇవి సూక్ష్మజీవులపై పనిచేయు తీరులు పలువిధములు. థైమాల్, యూజినాల్ వంటి చిన్న ద్రవ్యములు నూనెలో కరగు స్వభావము కలవి. అవి సూక్ష్మజీవి కణము చుట్టునున్న కొవ్వుపొరలోనికి చొచ్చుకొనిపోయి దానిని సడలించును. అంతట లోపలి లవణములు బయటికి కాఱిపోయి ఆ జీవి నశించును. టానిన్‌లు మాంసకృత్తులను పట్టి బంధించును. తంగేడు పట్టతోను, కరక్కాయతోను తోళ్లను పదునుచేయుటలో జరుగునదియు ఇదియే.

ఈ కుటుంబములో మిక్కిలి సరళమైనది ఫినాల్. దీనికే కార్బాలిక్ ఆమ్లమని పేరు. 1834లో రూంగే అను జర్మన్ రసాయనజ్ఞుడు దీనిని నేలబొగ్గు తారునుండి తీసెను. 1865లో గ్లాస్గో నగరమున లిస్టర్ అను శస్త్రవైద్యుడు, బండి చక్రము క్రిందపడి కాలు విఱిగిన పదునొకండేండ్ల బాలుని గాయమునకు దీనితో కట్టుకట్టగా, అది చీముపట్టకుండ మానెను. నేటి శస్త్రచికిత్సకు ఆ కట్టు ఒక పునాదిరాయి. అయినను 1881లో కోఖ్, ఆంత్రాక్స్ సిద్ధబీజములపై ఈ ఆమ్లము బలము మిక్కిలి స్వల్పమని చూపెను. సిద్ధబీజమనగా కొన్ని సూక్ష్మజీవులు ప్రతికూల కాలమున దాల్చు గట్టి రూపము.

ఇక మన ఇంటి సంగతి. పసుపును గాజుపాత్రలోని సూక్ష్మజీవులపై పరీక్షించినపుడు కుర్కుమిన్ వానిని అణచుట నిజమే. కాని నోట తీసికొన్న కుర్కుమిన్‌లో రక్తమున చేరునది అత్యల్పము. ప్రేవులును, కాలేయమును దానిని త్వరగా మార్చివేయును. పైగా, పెన్సిలిన్‌కు లొంగు సూక్ష్మజీవిని అణచుటకు థైమాల్ వంటి ద్రవ్యములు పెన్సిలిన్‌కంటె వేలరెట్లు ఎక్కువ కావలసియుండును. పాత్రలో గెలిచినది దేహములో గెలువదనుటకు ఇవి కారణములు. పుచ్చిన పంటిపై లవంగ తైలము నొప్పి తగ్గించును. దంతవైద్యులు యూజినాల్‌ను జింక్ ఆక్సైడ్‌తో కలిపి వాడుదురు. కాని పుచ్చు అట్లే యుండును. ఆ తైలము చిక్కగా రాచినచో చిగురు పొక్కును. పసిపిల్లలు మ్రింగినచో కాలేయమునకు ప్రమాదము.

అన్నిటికంటె ముఖ్యమైనది బొడ్డు కోసిన పసికందు విషయము. బొడ్డుపై పసుపు అద్దుట కొన్ని ఇండ్ల ఆచారము. ధనుర్వాతమును కలిగించు సూక్ష్మజీవి మట్టిలో సిద్ధబీజ రూపమున నుండును. పసుపు మట్టిలో పెరిగిన దుంప. దాని పొడితో అట్టి బీజములు రావచ్చును; వానిని చంపు శక్తి పసుపునకు లేదు. మన దేశమున తల్లులకును, నవజాత శిశువులకును వచ్చు ధనుర్వాతము నిర్మూలితమైనదని 2015లో ప్రకటింపబడెను. అనగా ప్రతి జిల్లాలోను వేయి జననములకు ఒక శిశువునకైనను ఈ జబ్బు రాని స్థితి. గర్భిణులకిచ్చు టీకాయు, శుభ్రమైన కాన్పును ఈ మేలు చేసినవి. బొడ్డును శుభ్రముగా, పొడిగా నుంచి, ఏమియు అద్దకుండుటయే మంచిది. అది ఎఱ్ఱబాఱినను, చీముపట్టినను వెంటనే వైద్యునకు చూపవలెను.

పోపులపెట్టెలోని దినుసులను తక్కువచేయుట నా ఉద్దేశము కాదు. అవి చెట్టునకు నమ్మకమైన కావలివారు. వాకిట కాయువానిని ఇంటిలోపలి రోగముతో పోరాడుమనినచో, నష్టపోవునది మన బిడ్డలే.