చిన్న పుల్లీ, పెద్ద ఆశ

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దలంటారు. క్రిందటి వేసవిలో తొప్పూరు కనుమలో ఆ మాట మాకు అనుభవానికి వచ్చినది.

మేము ఆఫీసులో ఫైళ్లు త్రిప్పేవారమే గాని మోటారు విద్య నేర్చినవారము కాము. మా మేనల్లుడు మాత్రం కార్ల పిచ్చివాడు. ఎవరో చెప్పిన మాట నమ్మి, తన కారు ఇంజనుకున్న పుల్లీ తీయించి అంతకన్న చిన్నది వేయించాడు. "ఇంజను బలం పెరుగుతుంది, మామయ్యా!" అన్నాడు.

అందులో కొంత నిజం లేకపోలేదు. క్రాంకుషాఫ్టు చివరనున్న ఆ పుల్లీయే బెల్టు ద్వారా ఆల్టర్నేటరును, ఏసీ కంప్రెసరును, అనేక కార్లలో నీళ్ల పంపును కూడా త్రిప్పుతుంది. వాటికి పోయే శక్తి చక్రాలకు చేరదు. ఇంజను పుల్లీ 15 సెంటీమీటర్లు, ఆల్టర్నేటరుది 6 అనుకుందాము. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరిగితే ఆల్టర్నేటరు 2000 తిరుగుతుంది. ఇంజనుకు 12 సెంటీమీటర్ల పుల్లీ వేస్తే 1600 మాత్రమే. నీళ్ల పంపు కూడా అలాగే అయిదోవంతు నెమ్మదిస్తే, పారే నీరు సుమారు అయిదోవంతు తగ్గుతుంది. అది తినే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. పందెపు కారులో ఇంజను ఎప్పుడూ జోరుగా తిరుగుతుంది కనుక అక్కడ ఇది లాభమే. అయినా మిగిలేది కొద్దిపాటి గుర్రపు బలమే. ఆల్టర్నేటరు దగ్గర ఆ లాభమూ స్వల్పమే. అంతే కరెంటు కావాలంటే దాదాపు అంతే శక్తి ఇచ్చుకోవాలి.

సంసారుల కారు పందెపు కారు కాదు గదా! సేలంలో పెళ్లి చూచుకొని రాత్రివేళ మన ధర్మపురికి తిరిగి వస్తున్నాము. కనుమ ఎక్కుతుండగా ముందు ఒక లారీ చెడిపోయి బండ్లన్నీ నిలిచిపోయినవి. వెనుక సీటులో మా అమ్మగారు, ఒక పసిబిడ్డ. ఏసీ, దీపాలు, రేడియేటరు ఫ్యాను నడుస్తూనే ఉన్నవి. ఇంజను మాత్రం మెల్లగా తిరుగుతున్నది. కొంతసేపటికి దీపాలు మసకబారినవి. వేడి చూపే ముల్లు పైకి లేచినది. భయపడి ఇంజను ఆపాము. మళ్లీ స్టార్టు చేయబోతే కటకటమన్నదే గాని కదలలేదు. ఒక లారీ డ్రైవరు సాయానికి వచ్చాడు. కాని అతని బండిది 24 వోల్టుల కరెంటు, మాది 12. చివరకు మరొక కారువారు తీగలు తగిలించి పుణ్యం కట్టుకున్నారు.

మరునాడు ఒక ముసలి మెకానిక్కు మరొక సంగతి చెప్పాడు. అనేక కార్లలో ఆ పుల్లీ మధ్య రబ్బరు పట్టీ ఉంటుందట. క్రాంకుషాఫ్టు మెలిపడి అదరకుండా అది కాపాడుతుంది. రబ్బరు లేని తేలిక పుల్లీ వేస్తే ఆ అదురు షాఫ్టునూ బేరింగులనూ క్రమంగా తినివేయవచ్చు. అదృష్టవశాత్తు పాత పుల్లీ అటక మీదనే ఉన్నది. ఆనాడే బిగింపించాము.

కారు చేసినవారు ఆ కొలత పెట్టినది పరుగెత్తే కారును మాత్రమే చూచి కాదు, నిలిచి ఉన్న కారును కూడా చూచి. మన పిల్లలకు బలమే కావలెనంటే ముందు టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరులో దుమ్ము చూచుకొనవలెను. వాటికి పెద్ద ఖర్చు లేదు. అర్ధరాత్రి కనుమలో ఇంటిల్లిపాదినీ నిలబెట్టవు.