ఈత కొలనులో నాచు: క్లోరిన్, కొలత

2016 ఆగస్టులో రియో డి జనీరో ఒలింపిక్ క్రీడలు జరుగుచుండగా, అచ్చటి డైవింగ్ కొలను ఒక్క దినములోనే ఆకుపచ్చగా మారిపోయినది. అంతకు కొన్ని దినముల ముందు నీటిలో పోసిన హైడ్రోజన్ పెరాక్సైడు క్లోరిన్ శక్తిని హరించినదనీ, ఎలక్ట్రానిక్ పరికరములు ఆ లోపమును సరిగా చూపలేదనీ నిర్వాహకులు తెలిపిరి. క్లోరిన్ ఎంత అవసరమో, దానిని సరిగా కొలుచుట అంతే అవసరమని ఈ ఉదంతము తెలుపుచున్నది.

నీటిలో కలిసిన క్లోరిన్ హైపోక్లోరస్ ఆమ్లముగా మారి నాచును నశింపజేయును. అయితే దీని బలము పి.హెచ్. విలువపై ఆధారపడును. పి.హెచ్. 7.5 వద్ద స్వేచ్ఛా క్లోరిన్‌లో దాదాపు సగము ఈ ఆమ్ల రూపములో నుండును. 8 వద్ద నాలుగవ వంతు మాత్రమే మిగులును. కావున ముందుగా పి.హెచ్.ను 7.2 ప్రాంతమునకు తేవలెను.

పసుపు రంగు నిచ్చు ఆర్థోటోలిడిన్ పరీక్ష సాధారణముగా మొత్తము క్లోరిన్‌ను చూపును. చెమట మొదలగు వాటితో కలిసి బలహీనపడిన క్లోరిన్ కూడ అందులో చేరియుండును. గులాబి రంగు నిచ్చు డి.పి.డి. పరీక్ష స్వేచ్ఛా క్లోరిన్‌ను వేరుగా తెలుపును. కాని క్లోరిన్ మిక్కిలి ఎక్కువైనచో ఆ రంగే వెలిసిపోయి, క్లోరిన్ లేదను భ్రమ కలుగును. అప్పుడు నమూనాను స్వేదన జలముతో పలుచన చేసి, మరల పరీక్షించి, ఫలితమును ఆ మేరకు హెచ్చించవలెను.

మోతాదుకు లెక్క సులభము. 50,000 లీటర్ల కొలనులో లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ చేర్చుటకు 500 గ్రాములు కావలెను. నూటికి 33 పాళ్ళు క్లోరిన్ గల బ్లీచింగ్ పౌడరైనచో సుమారు ఒకటిన్నర కిలోలు. నిలువయున్న పౌడరు బలము తగ్గును. దీనిని ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు, విషవాయువు వెలువడును.

సాయంకాలము మందు కలిపి, గోడలను బ్రష్షుతో రుద్ది, వడపోత యంత్రమును నిరంతరము నడుపవలెను. చీకటి పడిన పిదప ఒకమారు, సూర్యోదయమునకు ముందు ఒకమారు క్లోరిన్‌ను కొలువవలెను. రాత్రి ఎండ ఉండదు గనుక, అప్పుడు తరిగిన క్లోరిన్ చాలవరకు నాచు, మలినములతో పోరాడి ఖర్చైనదే. ఆ తరుగుదల లీటరుకు ఒక మిల్లీగ్రామును మించినచో పని ఇంకను మిగిలియున్నదని గ్రహించవలెను.

క్లోరిన్ తగిన స్థాయికి దిగి, కొలను అడుగు స్పష్టముగా కనబడువరకు ఎవ్వరును అందు దిగరాదు. కలక నీటిలో మునిగినవాడు గట్టుమీది వారి కంటబడడు. రసాయన ప్రయోగశాలలో మనమభ్యసించు కొలతలు ప్రాణరక్షణకు తోడ్పడునని విద్యార్థులు గుర్తింతురు గాక!