తూటా బరువు, మణికట్టు ఓపిక

1830 ఆగస్టులో బోస్టన్ రేవు నుంచి కోర్వో అనే ఓడ లండన్ మీదుగా కలకత్తాకు బయల్దేరింది. అందులో పనికి చేరిన పదహారేళ్ల కుర్రాడి పేరు శామ్యూల్ కోల్ట్. ఆ ప్రయాణంలోనే అతను చెక్కతో ఒక తుపాకి నమూనా చెక్కాడు. గుండ్రటి డ్రమ్ము, అందులో తూటాలకు గదులు. హ్యామర్‌ను వెనక్కి లాగితే డ్రమ్ము సరిగ్గా ఒక గది మేర తిరిగి గొట్టానికి ఎదురుగా బిగుసుకోవాలి. ఓడ చుక్కాని చక్రాన్ని చూసి అతనికి ఈ ఊహ తట్టిందని ఒక కథ. ఎలిషా కొలియర్ చేసిన చకుముకి రివాల్వర్లను దారిలో ఎక్కడో చూసి ఉంటాడని మరో వాదన. నాకు రెండోదే నమ్మబుద్ధవుతుంది. తిరిగే డ్రమ్ము అప్పటికే ఉంది, దాన్ని చేత్తో తిప్పుకునేవారు. ఆ తిప్పే పనిని హ్యామర్‌కు అప్పజెప్పడమే కోల్ట్ గొప్పతనం. 1835లో ఇంగ్లండ్‌లో, మరుసటి ఏడు అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు.

మన ఖరగ్‌పూర్‌కు 115 కిలోమీటర్ల దూరంలోని హుగ్లీ రేవుతో రివాల్వర్ పుట్టుకకు ఇలా చుట్టరికం ఉంది. ఆ యంత్రం తర్వాతి జీవితం కూడా ఈ చుట్టుపక్కలకు పదేపదే వస్తూనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఫిట్టర్లూ టర్నర్లూ ఎందరో. ఇనుము పని తెలిసిన చేతులకు రివాల్వర్ ఒక లెక్కల పుస్తకంలా అర్థమవుతుంది. ఎంత బరువైన తూటాను ఎంత వేగంతో పంపితే చెయ్యి ఎంత తట్టుకుంటుంది, నడుముకు ఎంత బరువు మొయ్యబుద్ధవుతుంది? దాదాపు రెండు వందల ఏళ్లుగా ఆ యంత్రం తేల్చుకోలేకపోతున్నది ఈ ఒక్క లెక్కనే.

మొదట్లో మోయడం సమస్యే కాదు, మోసేది గుర్రం కాబట్టి. 1847లో కోల్ట్ చేసిన వాకర్ రివాల్వర్ రెండు కిలోలు. గొట్టమే తొమ్మిది అంగుళాలు. జీనుకు వేలాడదీసిన తోలు సంచిలో ఉండేది. దాని డ్రమ్ము నిండా నల్ల తుపాకిమందు కూరితే, అప్పటి ఇనుము తాళలేక కొన్ని పేలిపోయాయి. ఉక్కు మెరుగయ్యాకే పెద్ద బోరు (గొట్టం లోపలి వెడల్పు) తుపాకి నడుముకు దిగింది.

1887లో రెండు సంగతులు జరిగాయి. ఇక్కడి తెలుగు కుటుంబాలకు రైలు పని ఇచ్చిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. అదే ఏడు బ్రిటిష్ సైన్యం బర్మింగ్‌హామ్‌లో తయారైన వెబ్లీ రివాల్వర్‌ను తన అధికారుల ఆయుధంగా తీసుకుంది. వాటి మధ్య సంబంధమేమీ లేదు గానీ, తర్వాతి అరవై ఏళ్లు ఈ దేశంలో రెండూ పక్కపక్కనే నడిచాయి.

వెబ్లీలో నాకు బాగా నచ్చేది దాని విరుపు. వెనక, హ్యామర్ పక్కన ఉన్న మీటను బొటనవేలితో నొక్కితే గొట్టం డ్రమ్ముతో సహా ముందుకు వాలిపోతుంది. వాలుతుండగానే డ్రమ్ము మధ్యలోంచి నక్షత్రం ఆకారపు బిళ్ల పైకి లేచి, ఆరు ఖాళీ తొడుగులనూ ఒక్కసారే బయటికి తోసేస్తుంది. ఆరు తూటాలు పెట్టి గొట్టాన్ని పైకి లేపితే టక్కుమని పడుతుంది. గుర్రం మీద ఉన్నా, చీకట్లో ఉన్నా, వేళ్లు కొంకర్లు పోతున్నా ఈ పని జరిగేది. పిడి అడుగున ఒక ఉంగరం ఉంటుంది. దానికి తాడు కట్టి మెడకో భుజానికో తగిలించుకుంటే తుపాకి చేజారినా కింద పడదు. ఆరుబయట వాడకం తెలిసినవాడి ఆలోచన అది.

1915లో వచ్చిన ఆరో మార్కు వెబ్లీ సుమారు 1.1 కిలోలు. బోరు .455 అంగుళాలు. 17 గ్రాముల సీసపు తూటాను సెకనుకు 190 మీటర్ల వేగంతో పంపేది. ఇంత లావు తూటాకు ఇంత మెల్లని నడక ఎందుకంటే, పొగరాని మందు కుదురుకోక ముందు నల్ల తుపాకిమందుతో చేసిన ఆలోచన అది. వేగం రాదు కాబట్టి బరువు పెంచుదాం అనుకున్నారు. అదీ చాలదని వాయవ్య సరిహద్దు యుద్ధాల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. కలకత్తా పక్కనే ఉన్న డమ్ డమ్ ఆయుధాగారంలో రైఫిలు తూటా కొసను మెత్తగా వదిలి, ఒంట్లో విచ్చుకునేలా చేసిన కాలమూ అదే. వెబ్లీకి కూడా ముందు భాగం గుంటగా ఉన్న తూటా ఒకటి తయారైంది. 1899 హేగ్ ఒప్పందం అలాంటి తూటాలను యుద్ధంలో నిషేధించడంతో దాన్ని ఉపసంహరించారు. మనుషుల మీద అలాంటిది తయారుచేయడమే దుర్మార్గం, ఆ నిషేధం రావలసిందే.

ఇక ఎదురు తన్ను సంగతి. తూటా ముందుకు ఎంత ఊపుతో పోతుందో తుపాకి వెనక్కి అంతే ఊపుతో వస్తుంది. ఇది న్యూటన్ చెప్పిన మూడో సూత్రం. కానీ ఆ ఊపు చేతికి ఎలా తగులుతుందన్నది తుపాకి బరువును బట్టి ఉంటుంది. ఇక్కడి నింపురా రైల్వే యార్డులో షంటింగ్ చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఇంజను అదే ఊపున తగిలినా ఖాళీ వ్యాగన్ చిందులేస్తూ పోతుంది, బొగ్గు నిండిన వ్యాగన్ బద్ధకంగా కదులుతుంది.

మందు వాయువుల ఊపును పక్కనపెట్టి, తూటాను మాత్రమే తీసుకుని లెక్క వేద్దాం. వెబ్లీ సెకనుకు 3 మీటర్ల వేగంతో అరచేతిని గుద్దుతుంది. ఆ గుద్దులో శక్తి 5 జౌళ్ల లోపే. 1955 చివర్లో వచ్చిన .44 మాగ్నమ్ తూటా బరువు వెబ్లీ తూటా కంటే కాస్త తక్కువే. అయినా వేగం సెకనుకు 420 మీటర్లు. 1.36 కిలోల తుపాకిలోంచి అది బయల్దేరితే చేతికి తగిలేది దాదాపు 16 జౌళ్లు, అంటే మూడు వెబ్లీ దెబ్బలు ఒక్కసారే. 2003లో స్మిత్ అండ్ వెస్సన్ తెచ్చిన .500 మరీ పెద్దది. డ్రమ్ములో ఐదు గదులకే చోటు. 26 గ్రాముల తూటాకు 510 మీటర్ల వేగం, తుపాకి బరువు రెండు కిలోలు. ఇంత బరువున్నా చేతికి 40 జౌళ్లు దాటి తగులుతుంది. వాయువులనూ కలిపితే ఈ అంకెలన్నీ ఇంకా పెరుగుతాయి.

తన్ను నేరుగా వెనక్కి రాదు. గొట్టం పిడికిలి కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి మణికట్టు చుట్టూ తిరిగి మూతి పైకి లేస్తుంది. తూటా గొట్టం దాటేలోపే ఆ లేవడం మొదలవుతుంది. అందుకే ఒకే రివాల్వర్‌లో బరువైన, మెల్లని తూటా తేలికదాని కంటే కాస్త పైన తగులుతుంది, గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది గనక. పాత కోల్ట్ పిడి నాగలి మేడిలా వంగి, తన్ను వచ్చినప్పుడు అరచేతిలో దొర్లుతుంది. కొందరికి అదే హాయి. ట్రిగ్గర్ ఒక్కటే నొక్కితే పేలే కొత్త డబుల్ యాక్షన్ రివాల్వర్ల పిడి వెనక బుడిపె ఉండి చేతిని కదలనివ్వదు, ఆ దెబ్బంతా బొటనవేలి మొదట్లో పడుతుంది. ఇంకో ప్రమాదం డ్రమ్ముకూ గొట్టానికీ మధ్య ఉండే సన్నని సందు. పేలినప్పుడు అక్కడినుంచి మండే వాయువు పక్కలకు చిమ్ముతుంది. రెండో చేతి వేలు అక్కడ పెట్టినవాడికి, మాగ్నమ్ అయితే, వేలు దక్కడం కష్టం.

తన్నుకు బరువే విరుగుడు అయితే బరువు పెంచితే పోదా అనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం సరిగ్గా దీనికి అడ్డంగా వెళ్లింది. హడావుడిగా తర్ఫీదు ఇచ్చిన సిపాయికి .455 లొంగడం లేదని, 1930ల మొదట్లో .38 బోరు ఎన్‌ఫీల్డ్‌కు మారింది. తూటా 13 గ్రాములు, వేగం అంతే. అయితే తుపాకి కూడా ముప్పావు కిలోకు తగ్గింది. లెక్క వేసి చూస్తే తన్ను 5 నుంచి 4 జౌళ్లకు దిగింది, అంతే. తూటాలో మిగిలిన సుఖాన్ని తుపాకిలో తగ్గిన బరువు చాలావరకు తినేసింది. నిజంగా లాభపడింది నడుము, రోజంతా మోయాల్సిన బరువులో మూడో వంతు దాకా పోయింది. ఈ మార్పును చేతికి చేసిన మేలుగా చెప్పడం కంటే నడుముకు చేసిన మేలుగా చెప్పడమే సరైనదని నా అభిప్రాయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేదినీపూర్ రివాల్వర్ మోతతో దద్దరిల్లింది. వరసగా ముగ్గురు జిల్లా మేజిస్ట్రేట్లు, 1931 ఏప్రిల్‌లో పెడ్డీ, 1932 ఏప్రిల్‌లో డగ్లస్, 1933 సెప్టెంబరులో బర్జ్, విప్లవకారుల తూటాలకు చనిపోయారు. 1931 సెప్టెంబరు 16న హిజ్లీ నిర్బంధ శిబిరంలో కాపలా పోలీసులు కాల్పులు జరిపి సంతోష్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపారు. ఆ శిబిరం భవనం ఈనాడు ఖరగ్‌పూర్ ఐఐటీ ఆవరణలో ఉంది. డగ్లస్‌పై దాడికి వెళ్లిన ఇద్దరిలో ప్రద్యోత్ భట్టాచార్య చేతిలోని రివాల్వర్ పేలలేదు. తోటివాడు ప్రభాంశు పాల్ తప్పించుకోగా ప్రద్యోత్ దొరికిపోయాడు. 1933 జనవరి 12న అతన్ని ఉరి తీశారు. ఆ కుర్రవాళ్లకు సాధన చేసే తావు లేదు, దొరికిన ఆయుధాన్నీ తూటానూ నమ్ముకోవడం తప్ప వేరే దారి లేదు. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కి తర్వాతి గదికి పోవచ్చన్నది రివాల్వర్‌కున్న పెద్ద పేరు. యంత్రమే మొరాయిస్తే ఆ పేరు పనికిరాదు.

పాలకులు ఇలాంటి భయంతోనే బోర్ల మీద కన్ను వేశారు. సైన్యం తూటా బయట ఏ తుపాకిలోనూ పట్టకూడదన్నది వాళ్ల పట్టు. స్వాతంత్ర్యం తర్వాత 1959 ఆయుధాల చట్టం కిందా ఆ పద్ధతి సాగింది. అందుకే లైసెన్సు ఉన్న మామూలు పౌరుడి చేతిలో మన దేశంలో కనిపించేది ఎక్కువగా .32. కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం చేసే .32 రివాల్వర్ వెబ్లీ వంశమే, అదే విరుపు, అదే నక్షత్రపు బిళ్ల. 2014లో ఆడవాళ్ల కోసమని నిర్భీక్ తెచ్చారు, టైటానియం మిశ్రమంతో 500 గ్రాములకు దించి. 6.35 గ్రాముల తూటాకు 215 మీటర్ల వేగం అనుకుంటే అది చేతిని 2.7 మీటర్ల వేగంతో గుద్దుతుంది. దెబ్బలో శక్తి 2 జౌళ్ల లోపే, వేగం మాత్రం వెబ్లీకి దగ్గర్లో ఉంది. చిన్న తుపాకి చిన్నగా తంతుందనుకుని పట్టుకున్నవాళ్లు ఉలిక్కిపడేది ఇందుకే.

అమెరికాలో పెద్ద బోరు రివాల్వర్ కొనేవాళ్లలో చాలామంది చెప్పే కారణం ఎలుగుబంటి. వాగుల్లో చేపలు పట్టేవాళ్లు నడుము దాకా నీళ్లలో దిగుతారు కాబట్టి దాన్ని రొమ్ముకు అడ్డంగా పట్టీలతో కట్టుకుంటారు. బరువు భరించలేక తేలిక లోహపు మాగ్నమ్‌లు తీసుకుంటే ఇంకో చిక్కు. తన్నుకు తుపాకి ఎంత వేగంగా వెనక్కి వస్తుందంటే, పేలని తూటాల్లోని సీసం జడత్వంతో అక్కడే ఉండిపోయి తొడుగులోంచి కొద్దికొద్దిగా ముందుకు జారుతుంది. కొస డ్రమ్ము దాటి బయటికొస్తే డ్రమ్ము తిరగదు. ఆపదలో ఆదుకోవాల్సిన యంత్రం అక్కడ ఇనుప ముద్దై కూర్చుంటుంది. 2008లో టామ్ స్మిత్ బృందం అలాస్కా ఘటనలను పరిశీలిస్తే, గోధుమరంగు ఎలుగుల విషయంలో మిరప ఘాటు స్ప్రే 92 శాతం సార్లు పనిచేసింది. స్ప్రేకు గురి చూడాల్సిన పని తక్కువ, తన్ను లేదు.

మరి మన దగ్గర? ఖరగ్‌పూర్ దాటి ఝార్‌గ్రామ్ వైపు పోతే సాల్ అడవులు, దల్మా నుంచి దిగే ఏనుగుల మందలు. .500 తూటా శక్తి సుమారు 3,400 జౌళ్లు. ఏనుగు కోసం తయారైన .470 రైఫిలుది దానికి రెట్టింపు. అంటే మనిషి చేతికి లొంగే ఏ రివాల్వరూ ఏనుగు ముందు పనికొచ్చేది కాదు. పైగా గాయపడ్డ ఏనుగు ఇంకా ప్రమాదం, చట్టప్రకారం దానికి అత్యున్నత రక్షణ ఉంది. శ్రీకాకుళం ఉద్దానంలో ఎలుగుల బెడద వేరే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగు ఒకరిని చంపి, ఆ తర్వాత ఇంకొందరిని గాయపరిచింది. జీడితోటలో తెల్లవారుజామున ఎదురుపడే ఎలుగు కొద్ది మీటర్ల దూరంలోంచే మీదికొస్తుంది. తుపాకి తీసి, గురి చూసి, తన్ను ఓర్చుకునే వ్యవధి అక్కడ దొరకదు. తోటకు ఒంటరిగా పోకుండా గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ, చేతికర్ర చప్పుడు చేస్తూ పోతే ఎలుగు ముందే విని పక్కకు తప్పుకునే అవకాశం ఎక్కువ. కర్ర బరువు కిలో కూడా ఉండదు.