ఫెరారీలు పడవైన వేళ

పాత స్పోర్ట్స్ కారును దానమిస్తే పుణ్యమెవరికి, లాభమెవరికి? కాగితం మీద రాసుకున్న విలువ కాదు, సేవా సంస్థ చేతికి చేరిన సొమ్మే అసలు లెక్క

దక్షిణ ఇంగ్లండ్‌లోని హేస్టింగ్స్ తీరానికి 2018లో ఓ కొత్త లైఫ్‌బోట్ వచ్చింది. దానికి ప్రొపెల్లర్ ఉండదు. నీటిని లోపలికి పీల్చి వెనక్కి చిమ్ముతూ గంటకు 25 నాటికల్ మైళ్ల వేగంతో, అంటే సుమారు 46 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంది. షానన్ రకానికి చెందిన ఆ పడవ పేరు 'రిచర్డ్ అండ్ కరోలిన్ కోల్టన్'. దానికి కావలసిన డబ్బు ప్రభుత్వ ఖజానా నుంచి రాలేదు. రెండు పాత ఫెరారీ కార్ల నుంచి వచ్చింది.

నార్తాంప్టన్‌షైర్‌కు చెందిన వ్యాపారవేత్త రిచర్డ్ కోల్టన్‌కు పాత కార్లంటే ప్రాణం. ఆయన దగ్గర 1960 నాటి ఫెరారీ 250 జీటీ ఎస్‌డబ్ల్యూబీ, 1967 నాటి ఫెరారీ 275 జీటీబీ/4 ఉండేవి. వీలునామాలో ఆ రెంటినీ రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ (ఆర్‌ఎన్‌ఎల్‌ఐ)కు రాసేశారు. 1824లో పుట్టిన ఈ సంస్థ బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో సముద్రంలో చిక్కుకున్నవారిని కాపాడుతుంది. పడవల మీద వెళ్లేవారిలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలే. ఖర్చులో సింహభాగం విరాళాలు, వీలునామాల నుంచే వస్తుంది.

కోల్టన్ మరణానంతరం 2015 అక్టోబర్ 14న డక్స్‌ఫర్డ్‌లో హెచ్ అండ్ హెచ్ సంస్థ ఆ కార్లను వేలం వేసింది. 250 జీటీ 66 లక్షల పౌండ్లు, 275 జీటీబీ/4 మరో 19.3 లక్షల పౌండ్లు పలికాయి. మొత్తం 85.3 లక్షలు. అప్పటి లెక్కన మన డబ్బులో దాదాపు 85 కోట్ల రూపాయలు. ఒక్కో షానన్ పడవకు 20 లక్షల పౌండ్లపైనే అవుతుంది కాబట్టి, రెండు కార్ల విలువెంతో తీరంలో ఉండేవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇనుముకు ఇంత ధరా?

ఆ ధర ఇనుముది కాదు, అరుదైనతనానిది. 250 జీటీ ఎస్‌డబ్ల్యూబీ కార్లు 1959-62 మధ్య తయారైనవి సుమారు 165 మాత్రమే. మూడు లీటర్ల వీ12 ఇంజన్, పినిన్‌ఫరీనా డిజైన్. వారాంతంలో రేసుకు తీసుకెళ్లి, సోమవారం అదే కారులో ఆఫీసుకు వెళ్లగలిగే తరానికి చెందినది. ఇలాంటి కార్ల విషయంలో కొనేవాడు మొదట చూసేది రంగు కాదు, నంబర్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి ఇంజన్, ఛాసిస్ అవేనా? ఏ చేతి నుంచి ఏ చేతికి మారింది? మరమ్మతుల రసీదులున్నాయా? ఈ ప్రశ్నలకు కాగితాలతో జవాబు చెప్పగలిగితే ధర ఆకాశంలో ఉంటుంది. లేకపోతే అదే కారు నేలమీదే ఆగిపోతుంది.

సేవా సంస్థలకు అసలు చిక్కూ ఇక్కడే. కారును భద్రంగా దాచాలి, బీమా కట్టాలి, నిపుణులకు చూపించాలి, సరైన వేలం కోసం వేచి ఉండాలి. దాత 'అమ్మకూడదు, మా ఇంటి పేరుతో ప్రదర్శనకు పెట్టాలి' అని మెలిక పెడితే ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టే. మేత ఖర్చు సంస్థది, పేరు దాతది. అమ్ముకునే వీలుండబట్టే కోల్టన్ కార్లు పడవ కాగలిగాయి.

వట్టిపోయిన ఆవుల దానం

దానం పేరుతో జరిగే తమాషాకు అమెరికా ఒకప్పుడు పెట్టింది పేరు. అక్కడ కారును దానమిస్తే దాని విలువను ఆదాయం నుంచి తగ్గించి చూపుకోవచ్చు. చాలామంది మూలన పడ్డ కారును ఇచ్చేసి, ధరల పుస్తకంలోని పెద్ద అంకెను పన్ను కాగితాల్లో రాసుకునేవారు. 2000 సంవత్సరానికి సుమారు 7,33,000 మంది ఇలా మినహాయింపు కోరారని, వారికి 65.4 కోట్ల డాలర్ల పన్ను తగ్గిందని అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ 2003లో అంచనా వేసింది. అది ఆరా తీసిన 54 వాహనాల్లో మూడింట రెండొంతుల కేసుల్లో, దాత చూపిన విలువలో సేవా సంస్థకు దక్కింది 5 శాతమో, అంతకన్నా తక్కువో.

కఠోపనిషత్తులో నచికేతుడి తండ్రి వట్టిపోయిన ఆవులను దానమిస్తుంటే కొడుకు ప్రశ్నించాడు. అమెరికాలో ఆ పని చట్టం చేసింది. 2004లో తెచ్చిన మార్పు 2005 జనవరి నుంచి అమలైంది. సంస్థ కారును అమ్మేస్తే ఎంత వచ్చిందో, దాతకు సాధారణంగా అంతవరకే మినహాయింపు. సంస్థే కారును చెప్పుకోదగ్గంతగా వాడుకున్నా, బాగుచేసి విలువ పెంచినా, పేదలకు చౌకగా ఇచ్చినా మాత్రం మార్కెట్ విలువ లెక్కలోకి వస్తుంది.

కంపెనీయే దాతైతే

ఇప్పటివరకూ వేలంలో అత్యధిక ధర పలికిన కారు కథ కూడా దానంతోనే ముడిపడింది. 1955 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 ఎస్ఎల్ఆర్ ఉలెన్‌హౌట్ కూపేలు ప్రపంచంలో రెండే ఉన్నాయి. లె మాన్స్ రేసులో 80 మందికి పైగా చనిపోయిన ఆ ఏడాదే కంపెనీ రేసుల నుంచి తప్పుకోవడంతో ఈ కూపేలు పోటీకి దిగనే లేదు. దశాబ్దాలపాటు దాచుకున్న వాటిలో ఒకదాన్ని 2022 మే 5న కంపెనీ స్టుట్‌గార్ట్‌లోని తన మ్యూజియంలో వేలం వేయించింది. ధర 13.5 కోట్ల యూరోలు, సుమారు 1,100 కోట్ల రూపాయలు. ఆ సొమ్ముతో పర్యావరణ రంగంలో పనిచేసే యువతకు ఆసరాగా నిధి ఏర్పాటైంది. 2023లో మొదలైన ఆ ఫెలోషిప్ తొలి విడతలో జర్మనీ, బ్రిటన్, దక్షిణాఫ్రికాతోపాటు భారతీయ యువతకూ చోటు దక్కింది. పెట్రోలు తాగే కారు అమ్మిన డబ్బు పొగ తగ్గించే పనికి వెళ్లడం ఇందులోని చమత్కారం. ప్రచారం కంపెనీకి దక్కిందన్న మాట నిజమే. అయితే డబ్బు కూడా చేరాల్సిన చోటికే చేరింది.

మన దగ్గర దారి వేరు

హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో తాతల నాటి కారున్న కుటుంబం ఇదే పని చేయాలనుకుంటే? ఆదాయపు పన్ను చట్టం కింద మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే. కారు, బియ్యం, బట్టలు ఇస్తే పుణ్యమే తప్ప పన్ను తగ్గదు. 2,000 రూపాయలు దాటితే నగదుకు కూడా మినహాయింపు లేదు. చెక్కు, బ్యాంకు బదిలీ లాంటి దారుల్లోనే ఇవ్వాలి. అందుకే ఇక్కడ తెలివైన పద్ధతి కారును తామే అమ్మి, డబ్బును సంస్థకు ఇవ్వడం.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనలు కూడా గుర్తుంచుకోవాలి. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాన్ని 'వీఏ' అక్షరాలున్న నంబరుతో వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. కొనుగోలు, అమ్మకాలకు అడ్డులేదు. కానీ ప్రదర్శనలు, ర్యాలీలు వంటి వాటికి తప్ప రోజువారీగా నడపకూడదు, వ్యాపారానికి అసలే వాడకూడదు. కాబట్టి అలా రిజిస్టరైన కారును తీసుకున్న అనాథాశ్రమం దాన్ని పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చి సంపాదించే వీల్లేదు. అమ్మితేనే ఉపయోగం.

వీటన్నింటికన్నా పెద్ద ఆటంకం ఇంట్లోనే ఉంటుంది. తండ్రి ముచ్చటపడి తుడుచుకున్న కారును పిల్లలు అమ్మలేరు, నడపలేరు, నిలబెట్టుకోలేరు. నాలుగు వర్షాకాలాలు గడిచేసరికి షెడ్డులో తుప్పు పని మొదలుపెడుతుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, రసీదుల ఫైలు ఏ అటకమీదో చెదలపాలవుతుంది. దానమివ్వాలన్న మనసున్నవారు ఇంజన్ తిరుగుతుండగానే, కాగితాలు చేతికందుతుండగానే, ఎవరికి ఇవ్వాలో తామే రాసిపెట్టడం మేలు. ఆలస్యమైతే మిగిలేది తుక్కు ధరే.