లాగడం కాదు... ఆపడమే అసలు పని!

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు... వరంగల్‌ చుట్టుపక్కల రోడ్లన్నీ ఎనుమాముల దారి పడతాయి. నర్సంపేట, పరకాల, ములుగు వైపుల నుంచి మిర్చి బస్తాలతో ట్రాక్టర్లు తెల్లవారకముందే మార్కెట్‌ యార్డుకు బయల్దేరతాయి. ఏడాది కష్టం, తీర్చాల్సిన అప్పు, పిల్లల ఫీజులు... అన్నీ ఆ ట్రాలీలోనే ఉంటాయి. ఆ మొత్తాన్నీ ట్రాక్టర్‌కు కలిపి ఉంచేది మాత్రం జానెడు ఇనుప పిన్ను!

ఒక్కసారి లెక్కేయండి. బస్తా 40 కిలోలనుకున్నా వంద బస్తాలంటే నాలుగు టన్నులు. ట్రాలీ బరువు దానికి అదనం. ముందున్న ట్రాక్టర్‌ బరువేమో రెండు టన్నులు అటూ ఇటూ. అంతకు రెట్టింపు బరువును అది తేలిగ్గానే లాగేస్తుంది. చిక్కంతా ఆపేటప్పుడే. మన ఊళ్లలో తిరిగే ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులుండవు. ట్రాక్టర్‌ ఆగాలనుకుంటుంది, వెనకున్న బరువు ముందుకు తోస్తుంది. వేగం 20 నుంచి 40 కిలోమీటర్లకు పెరిగితే, బ్రేకు వేశాక బండి ఆగేందుకు పట్టే దూరం రెట్టింపు కాదు... నాలుగు రెట్లు అవుతుంది!

ఎడ్లబండి చెప్పిన పాఠం

బరువు ఎక్కడ వేయాలన్నది పాత తరం రైతులకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎడ్లబండిలో బస్తాలన్నీ ముందుకు సర్దితే ఎడ్ల మెడలు వంగిపోతాయి. వెనక్కి సర్దితే కాడి పైకి లేస్తుంది. రెండు చక్రాల ట్రాలీ సంగతీ అంతే. బరువు మరీ వెనక్కి పడితే కొక్కెం పైకి లేస్తుంది, ట్రాక్టర్‌ వెనక చక్రాలకు పట్టు తప్పుతుంది. మరీ ముందుకు పడితే ట్రాక్టర్‌ ముందు చక్రాలు తేలికై స్టీరింగ్‌ మాట వినదు. అమెరికాలో పికప్‌ ట్రక్కుల వెనక పడవల్నీ, గుర్రాల బళ్లనూ లాక్కెళ్లేవారూ ఇదే సూత్రం పాటిస్తారు. ట్రైలర్‌ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడేలా చూసుకుంటారు. పిన్ను ఊడినా బండి విడిపోకుండా గొలుసులు కూడా తగిలిస్తారు. ఆ గొలుసు మన ట్రాలీలకూ ఉంటే ఎంత మేలు!

రెండు పెడళ్లూ ఒక్కటిగా

పొలంలో మలుపు తిప్పుకోవడానికి వీలుగా ట్రాక్టర్‌కు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లుంటాయి. రోడ్డెక్కేముందు ఆ రెంటినీ కలిపి లాక్‌ వేయాలి. మరిచిపోయి వేగంలో ఒక్కదాన్నే తొక్కితే బండి ఒకపక్కకు లాగేసి బోల్తా పడొచ్చు. డీజిల్‌ కలిసొస్తుందని దిగుడులో న్యూట్రల్‌ చేయడం ఇంకో ప్రమాదం. ఇంజిన్‌ పట్టు పోయాక భారమంతా బ్రేకులదే. అందుకే ఎత్తు ఎక్కేందుకు ఏ గేరు కావాలో దిగేందుకూ అదే గేరు.

మనుషులు బస్తాలు కాదు

2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పీఏపల్లి మండలంలో కూలీల ట్రాక్టర్‌ కాలువలో పడి 9 మంది చనిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టర్‌ మూసీ కాలువలో బోల్తాపడింది. ఈసారి 15 మంది. రెండు చోట్లా పనికి బయల్దేరిన ఆడకూలీలే ఎక్కువ. ట్రాలీలో సీట్లుండవు, పట్టుకునేందుకు ఏమీ ఉండదు. తిరగబడితే ఆ ఇనుప తొట్టే మీద పడుతుంది. ట్రాలీ సరకుల బండి. అందులో మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గరా చిక్కులే. పెళ్లికైనా, జాతరకైనా, నాట్లకైనా... ఇదే మాట.

బయల్దేరే ముందు...

* పిన్ను అరిగిందా, దాని కింద క్లిప్పు ఉందా చూడండి.
* ట్రాలీ టైర్లలో గాలి, చక్రాల నట్లు సరిచూసుకోండి.
* బస్తాలను తాళ్లతో బిగించండి. పత్తి అయితే పక్కలకు పొంగి వెనకొచ్చే బండ్లకు దారి మూయకుండా చూడండి.
* వెనక ఎర్ర లైటు, రేడియం స్టిక్కర్లు తప్పనిసరి. చీకట్లో ఆగి ఉన్న ట్రాలీ బైకు మీద వచ్చేవారికి దగ్గరికొచ్చేదాకా కనిపించదు.
* చెడిపోయి ఆగితే టైరు కింద పెట్టిన రాళ్లను వెళ్లేటప్పుడు తీసేయండి.
* మడ్‌గార్డు మీద ఎవర్నీ కూర్చోబెట్టొద్దు. పిల్లల్ని అసలే వద్దు.

సరకు అమ్ముడయ్యాక మరో పరీక్ష ఉంటుంది. ఖాళీ ట్రాలీ గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. బరువు లేదు కదా అని కాలు ఎక్సలేటర్‌ మీదే ఉంటుంది. కానీ ఇంటి దగ్గర వాళ్లు ఎదురుచూసేది క్వింటా ఎంత పలికిందన్న కబురు కోసమే కాదు... వాకిట్లో ఆగే ట్రాక్టర్‌ చప్పుడు కోసం కూడా!