ముగ్గురు కలసి ఒక పందెము

పాతబస్తీలోని కిషన్‌బాగ్‌లో ముగ్గురు స్నేహితులున్నారనుకొందము. ఒకడు తెల్లవారకమునుపే లేచి పరుగెత్తువాడు. రెండవవాడు ఆదివారమునాడు సైకిలుమీద చేవెళ్ల వరకు పోయి వచ్చువాడు. మూడవవానికి చిన్ననాడు మేనమామ ఊరి దిగుడుబావిలో నేర్చిన ఈత వచ్చును. వీరిలో ఏ ఒక్కడును తక్కిన ఇద్దరి పని చేయలేడు. ఈత, సైకిలు, పరుగు అను మూడింటిని నడుమ విరామము లేక ఒకదానివెంట ఒకటిగా పూర్తిచేయవలసిన ట్రయాథ్లాన్ పందెమునకు ఇట్టివారు పోవచ్చునా? పోవచ్చును. దానికి జట్టు పద్ధతి ఒకటి కలదు. ఈ ముగ్గురును నేను ఊహించినవారే కాని, వారికి ఎదురగు చిక్కులు మాత్రము నిజమైనవి.

ఈ పందెము పుట్టిన తీరు కొంత వింతగా నుండును. 1974 సెప్టెంబరు 25వ తేదీ సాయంకాలము అమెరికాలోని శాన్‌డీగో నగరమున ఒక పరుగు సంఘమువారు ఈ మూడు ఆటలను కలిపి పోటీ నడపిరి. 46 మంది పాల్గొనిరి. తరువాత కొన్నేండ్లకు హవాయి దీవులలో జట్లుగా పరుగెత్తు ఒక రిలే పందెము ముగిసి, బహుమతుల సభ జరుగుచుండగా ఒక వాదము లేచినది. ఈతగాడు గట్టివాడా, పరుగువాడు గట్టివాడా? నౌకాదళములో అధికారియైన జాన్ కాలిన్స్, సైకిలు తొక్కువారి మాటయేమని అడిగి, ఆ దీవిలో వేరువేరుగా జరుగుచుండిన మూడు పెద్ద పందెములను ఒక్క దినములో ఇమిడ్చినాడు. ఆయన భార్య జూడీకి కూడ ఈ ఆలోచనలో పాలు కలదు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయలుదేరి 12 మంది గమ్యము చేరిరి. మొదటివాడైన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషముల 58 సెకండ్లు పట్టినది. జట్ల సభలో పుట్టిన వాదము ఒంటరివాని పందెమును కన్నదన్నమాట! దానికి మరల జట్టు రూపము వచ్చుట న్యాయమే యని నాకు తోచును.

మన దేశములో ఈ పందెపు సగము దూరపు రూపము, ఐరన్‌మ్యాన్ 70.3 అను పేర, గోవాలోని పణజీలో 2019 అక్టోబరు 20న జరిగినది. సముద్రములో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తము 113 కిలోమీటర్లు, మైళ్లలో 70.3 గనుక ఆ పేరు. ఇందు ఇద్దరుగాని ముగ్గురుగాని ఒక జట్టుగా చేరి భాగములు పంచుకొనవచ్చును. 2022 నవంబరులో జరిగిన పందెమున పార్లమెంటు సభ్యుడు తేజస్వి సూర్య ఒక జట్టులో సైకిలు భాగమును తొక్కినాడు. 2024 అక్టోబరులో మూడు భాగములను తానొక్కడే 8 గంటల 27 నిమిషముల 32 సెకండ్లలో ముగించినాడు. గడువు 8 గంటల 30 నిమిషములు! అనగా రెండున్నర నిమిషములలో ఆయన శ్రమ యంతయు నిలిచినది. జట్టులో చేరుట ఒంటరి పందెమునకు మెట్టుగా ఉపయోగపడునని దీనివలన తెలియును.

ఈ గడువులే జట్టు సంగతిని అర్థము చేసికొనుటకు తాళపుచెవి. సాధారణముగా ఈత 1 గంట 10 నిమిషములలో ముగియవలెను. సైకిలు భాగము బయలుదేరినది మొదలు 5 గంటల 30 నిమిషములలోగా, పరుగు 8 గంటల 30 నిమిషములలోగా ముగియవలెను. మన ముగ్గురి లెక్క వేసి చూతము. ఈత 57 నిమిషములు. గంటకు 25 కిలోమీటర్ల వేగమున సైకిలు 3 గంటల 36 నిమిషములు. కిలోమీటరుకు 6 నిమిషముల చొప్పున పరుగు 2 గంటల 7 నిమిషములు. అంతయు కలిసి 6 గంటల 40 నిమిషములు. ఇందు ఈతగాడు తన వేగమును పదవ వంతు పెంచుకొన్నచో జట్టునకు దక్కునది ఐదారు నిమిషములు మాత్రమే. సైకిలువాడు అంతే శ్రమించి కాలమును పదవ వంతు తగ్గించినచో 21 నిమిషములు దక్కును. కావున జట్టు కట్టువారు మంచి సైకిలువానిని వెదకుదురు. ఈతగానిని ఎవరినో ఒకరిని చేర్చుకొందురు. ఇది పెద్ద పొరపాటు. వేగమునకు సైకిలువాడు ముఖ్యుడు. పందెములో నిలుచుటకు ఈతగాడు ముఖ్యుడు. అతడు గంటా పది నిమిషములలో ఒడ్డు చేరనిచో, ఏడాదిగా తొక్కినవాడును, ఏడాదిగా పరుగెత్తినవాడును బట్టలు మార్చుకొని ఇంటికి పోవలసినదే.

కిషన్‌బాగ్ జట్టునకు అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. ఆ పేటకు ఒక ప్రక్క మూసీనది, మరొక ప్రక్క మీరాలం చెరువు. 19వ శతాబ్దపు మొదటి దశకమున దివాను మీర్ ఆలం పేర నిర్మింపబడిన ఆ చెరువు కట్ట 21 అర్ధచంద్రాకారపు కమానులతో నేటికిని నిలిచి యున్నది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చువరకు నగరమునకు త్రాగునీరిచ్చిన చెరువులలో అది ముఖ్యమైనది. నేడో, మురుగు చేరిన ఆ నీటిలో ఈత అభ్యసించుమని ఎవరికిని చెప్పజాలము. రెండు నీళ్ల నడుమ నుండి కూడ మన ఈతగాడు నగరపు మరొక కొసనున్న గచ్చిబౌలి ఈతకొలనుకో, మరొక కొలనుకో బస్సెక్కవలసి యున్నది.

నీటి చిక్కు మనకే కాదు. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో ట్రయాథ్లాన్ ఈత సెయిన్ నదిలో పెట్టిరి. నీటిలో సూక్ష్మజీవులు మితిమీరినందున పురుషుల పందెము ఒక దినము వాయిదా పడినది. అభ్యాసములు కొన్ని రద్దైనవి. ఆగస్టు 5న జట్ల పందెము జరుగనుండగా, ముందునాడు బెల్జియము జట్టు తప్పుకొన్నది. వారిలో క్లెయిర్ మిషెల్ అను ఆమెకు జబ్బు చేసినది. నీటివలన వచ్చినదని పలువురు అనుకొనిరి. తనకు సోకినది వేరొక వైరస్ అని ఆమె తరువాత తెలిపినది. కారణమేదైనను, ఒకరికి జబ్బు చేయగా తక్కిన ముగ్గురును ఒడ్డునే ఆగిపోయిరి.

కొలనులో నేర్చిన ఈతకును సముద్రపు ఈతకును భేదము చాల యున్నది. 50 మీటర్ల కొలనులో 1.9 కిలోమీటర్లు అనగా 38 మార్లు ఈ కొసనుండి ఆ కొసకు పోవుట. ప్రతి కొసనను గోడను తన్ని ముందుకు జరుగవచ్చును, అలసినచో పట్టుకొని నిలువవచ్చును. సముద్రములో గోడ లేదు, అడుగున గీత లేదు. పది పదిహేను బారలకొకసారి తల ఎత్తి, నీటిమీద తేలు గురుతు ఎటున్నదో చూచుకొనవలెను. గడువును లెక్కించినచో 100 మీటర్లకు 3 నిమిషముల 41 సెకండ్లు. కొలనులో 3 నిమిషములకు ఈదువానికి 13 నిమిషముల తీరిక ఉన్నట్లు కాగితముమీద కనబడును. అలలును, వంకర త్రోవయు ఆ తీరికను తినివేయును. దిగుడుబావిలో తల పైకెత్తి ఈదిన అలవాటుతో ఇంత దూరము పోలేము. ముఖము నీటిలో నుంచి ప్రక్కకు తిరిగి ఊపిరి తీయుట మరల మొదటినుండి నేర్వవలెను. వయస్సు మీరినదని జంకనవసరము లేదు. నడివయస్సులో ఈత నేర్చిన హైదరాబాదు మహిళ గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంకకును మనకును నడుమనున్న పాక్ జలసంధిని, 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషములలో ఈదినారు. ఆమె ఒంటరిగా ఈదినారని వ్రాయుదుము గాని, వెంట పడవలో మనుష్యులుండనే యుండిరి.

సైకిలువానిని గురించి ఎక్కువ చెప్ప పనిలేదు. నార్సింగి వైపు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాట పాతబస్తీవానికి మరీ దూరము కాదు. అతడు తెలిసికొనవలసిన నియమము ఒక్కటి: ఇట్టి పందెములో ముందువాని వెనుక దాగి గాలి తప్పించుకొనరాదు, నిర్ణీతమైన ఎడమును పాటింపవలెను.

పరుగువాని సంగతి వేరు. అతనికి కాళ్లు తాజాగా నుండును గదా, అతనిదే సుఖమని అందరును అనుకొందురు. నిజమునకు మువ్వురిలో కష్టపడునది అతడే. పందెము తెల్లవారి ఏడు గంటల ప్రాంతమున మొదలైనచో, అతని వంతు పదకొండున్నరకుగాని రాదు. అందరితో పాటు నాలుగింటికే లేచి, తక్కినవారి సామాను మోసి, ఎండలో నిలిచి కేకలు వేసి, తన వంతు వచ్చునప్పటికి సగము అలసి యుండును. కడలి గాలి ఉక్కలో చెమట ఆరక మధ్యాహ్నపు పరుగు రెండు గంటలు. కావున అతడు చేయవలసిన మొదటి పని ఏమియు చేయకుండుట. నీడన కూర్చుండి, ఉప్పు కలిసిన నీరు కొంచెము కొంచెముగా త్రాగుచు, తన వంతునకు రెండు గంటల ముందు తేలికగా ఏదైన తినవలెను. మరియొక ప్రమాదము తొలి కిలోమీటరులో పొంచి యుండును. నాలుగు గంటలు ఎదురుచూచిన ఆతురతతో అతడు బాణమువలె పోవును. పదవ కిలోమీటరు దాటినప్పుడు దాని ఫలము తెలియును.

జట్టు అను మాటకు ఇతర అర్థములును కలవు. 2021 జులై 31న టోక్యోలో తొలిసారిగా ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించిన మిశ్రమ రిలేలో ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు, ప్రతివారును మూడు ఆటలును తక్కువ దూరములో ఆడి, తరువాతివారి చేతిని తాకుదురు. నాడు బ్రిటన్ జట్టు నెగ్గినది. ఇక 1989లో న్యూజిలాండులో మొదలైన రెయిడ్ గోలువాజ్ అను సాహస పందెములో ఐదుగురు కాడికి కట్టిన ఎడ్లవలె కలిసియే నడువవలసి యుండెను. చివరివాడు చేరిన కాలమే జట్టు కాలము.

మన ముగ్గురి జట్టులో చేయి తాకుట కూడ లేదు. కాలమును లెక్కించు చిన్న చిప్పు ఒకటి పట్టీతో ఈతగాని చీలమండకు కట్టబడి యుండును. అతడు నీటినుండి వచ్చి, సైకిళ్లు నిలిపిన చోటికి పరుగెత్తి, దానిని సైకిలువాని కాలికి మార్పింపవలెను. సైకిలువాడు తిరిగివచ్చి, సైకిలును దాని స్థానమున నిలిపి, పరుగువానికి అట్లే అందింపవలెను. ముగ్గురి శ్రమయు ఆ పట్టీలోనే యున్నది. అది లేక ఎంత దూరము పోయినను లెక్కకు రాదు. ఆరు నెలలు అభ్యసించిన జట్లును ఈ మార్పిడిని ఒక్కసారియైనను చేసి చూడవు. ఒంగి విప్పవలసినది వచ్చినవాడు కాదు. అతనికి ఊపిరి ఆడుచుండదు, చేతులు వణకుచుండును. ఎదురుచూచుచున్నవాడే మోకాలిమీద కూర్చుండి విప్పి, తన కాలికి కట్టుకొనవలెను. కిషన్‌బాగ్‌లో ఇంటి వసారాలోనే దీనిని పది మార్లు చేయవచ్చును. కాలు తడిపి కట్టుకొనవలెను. తడిసిన పట్టీకి ఇసుక అంటినచో సరిగా పట్టదు గనుక, ఆ పదింటిలో రెండు మూడు మార్లు గుప్పెడు ఇసుక అద్ది చూచుట మంచిది.