గోధుమరంగు గద్ద ఏ గద్ద?

టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి కెమెరాలతో వచ్చేవారు ఎక్కువగా పెలికాన్ల కోసం, పెయింటెడ్ స్టార్క్‌ల కోసం వస్తారు. అవి చూసుకుని వెనుదిరుగుతారు. అక్కడి నుంచి నౌపడ ఉప్పుమళ్ల మీదుగా భావనపాడు తీరానికి వెళ్తే వేటపక్షుల లోకం మొదలవుతుంది. సముద్రం, ఉప్పునీటి కయ్యలు, తంపరలనే చిత్తడి భూములు, కొబ్బరి, జీడి తోటలు పక్కపక్కనే ఉండటం ఈ ఉద్దానం ప్రాంతపు భాగ్యం. చేపలు పట్టే గద్దలు, ఎలుకలు పట్టేవి, తొండల్ని పట్టేవి ఇక్కడ ఒకే పూట కనిపించవచ్చు.

1836లో మద్రాసు చేరిన సైనిక వైద్యుడు టి.సి. జెర్డాన్ తొలి రోజుల్లో గంజాం ప్రాంతంలో పనిచేశాడు. టెక్కలి అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది. తర్వాత ఆయన రాసిన భారతదేశ పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. ఆ కాలంలో ఒక పక్షి ఏదో తేల్చాలంటే దాన్ని కాల్చి చేతిలోకి తీసుకోవడమే పద్ధతి. ఇప్పుడు ఆ పని ఫొటో చేస్తుంది. అందుకే వేటపక్షి ఫొటో అందంగా ఉంటే చాలదు, అనుమానం తీర్చాలి అంటాను.

అసలు చిక్కు గోధుమరంగు దగ్గర వస్తుంది. పెద్ద గరుడపక్షిని పిల్లలైనా గుర్తుపడతారు: తల, రొమ్ము తెలుపు, మిగతా ఒళ్లంతా ఇటుక ఎరుపు. దాని పిల్ల మాత్రం గోధుమరంగులో ఉండి, పలాస బజారులో మాంసం దుకాణాల మీద తిరిగే నల్లగద్దను పోలి ఉంటుంది. అప్పుడు తోక చూడాలి. నల్లగద్ద తోక చివర చీలి ఉంటుంది, గరుడపక్షిది గుండ్రంగా ఉంటుంది. అయితే మలుపు తిరిగేటప్పుడు నల్లగద్ద తోకను విప్పుతుంది, చీలిక కనబడకుండా పోతుంది. తిన్నగా సాగుతున్నప్పుడు తీసిన ఫొటోనే నమ్మండి.

తెల్లకడుపు సముద్రపు గద్ద విషయమూ అంతే. పెద్ద పక్షి బూడిద, తెలుపు రంగులు తేరడానికి కొన్నేళ్లు పడుతుంది, అంతవరకూ గోధుమే. కానీ దాదాపు రెండు మీటర్ల రెక్కల్ని పైకెత్తి తేలే తీరు, పొట్టి తోక చిన్నప్పుడూ పెద్దప్పుడూ ఒకటే. శీతాకాలంలో వచ్చే కొరమీను గద్దకు రెక్కలు సన్నగా, మణికట్టు దగ్గర వంగి ఉంటాయి, కంటి మీదుగా నల్లని చార సాగుతుంది. అది నీళ్లలోకి కాళ్లు ముందుకు చాచి దూకుతుంది. బయటి వేలిని వెనక్కి తిప్పుకోగలదు, అరికాళ్లకు ముళ్లలాంటి గరుకు ఉంటుంది. జారే చేపను రెండు వేళ్లు ముందు, రెండు వెనుక పెట్టి బిగించడానికే ఈ ఏర్పాటంతా. తంపరల మీద తక్కువ ఎత్తులో తేలుతూ వెతికేది పిల్లిగద్ద. జీడితోటల్లో నాలుగుసార్లు రెక్కాడించి జారిపోయే చిన్నది జాలెడేగ.

ఫొటోకు మన తీరం ఒక నియమం పెడుతుంది. ఉదయం సూర్యుడు సముద్రం మీద నుంచి వస్తాడు. నీటి మీది పక్షిని అప్పుడు తీస్తే నల్లని నీడే మిగులుతుంది. ఉదయం సముద్రానికి వీపు పెట్టి తోటల వైపు తీయాలి, సాయంత్రం తోటల అంచున నిలబడి సముద్రం వైపు తీయాలి. నౌపడలో తెల్లని ఉప్పు వెలుగును పైకి కొట్టి రెక్కల అడుగుభాగాన్ని చూపిస్తుంది, ఆ లాభం అన్నిచోట్లా దొరకదు. ఎండ ముదిరితే మాత్రం నేల మీది వేడిగాలి చిత్రాన్ని వణికిస్తుంది. షట్టరు వేగం సెకనులో రెండువేలో వంతు దగ్గర ఉంచి, ఆకాశం బాగా వెలుగుగా ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు పెంచండి. కడుపు, తోక అడుగు, రెక్క అడుగు కనబడే ఫొటో ఒక్కటి ఉంటే చాలు.

గూళ్లను మాత్రం వదిలేయండి. వీటిలో చెట్ల మీద గూడు కట్టేవాటికి ఎత్తయిన చెట్లు కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లను కూల్చింది. మిగిలిన చెట్ల మీద గూడు కనిపిస్తే దూరంగా తప్పుకోండి, తల్లి లేస్తే గుడ్లు ఎండకూ కాకులకూ బలవుతాయి. ఫొటో నలుగురికీ పంపేటప్పుడు ఊరి పేరు చెప్పండి, చెట్టు ఎక్కడుందో చెప్పకండి.